ఆరు వేళ్ల కత్తి

మునినారాయణ నాతో అన్న మొదటి మాటకే నాకు ఒళ్లు మండింది. ఇరవై నాలుగేళ్ల కిందటి సంగతి. చింతామణి తాలూకు కచేరిలో అప్పుడే ఉద్యోగంలో చేరాను. పుట్టిన రెండో ఏడు పోలియో వచ్చి, నా ఎడమ కాలు కుడికాలి కన్నా అంగుళమున్నర పొట్టిగా ఉండిపోయింది. ఆ తేడా పూడ్చడానికి ఎడమ చెప్పు కింద ఎవరో ఒక రబ్బరు దిమ్మ అంటించి ఇచ్చారు. దాన్ని ఈడ్చుకుంటూ, కుచ్చిళ్లతో కప్పుకుంటూ, ఎవరూ చూడటం లేదని నాకు నేనే చెప్పుకుంటూ కచేరి గేటు దాటుతున్నాను. గేటు పక్కన రేకుల డబ్బా అంగడిలో కూర్చున్న మనిషి, కోస్తున్న తోలు మీద నుంచి తలైనా ఎత్తకుండా అడిగాడు.

"ఏమ్మా, నీ కాలికి ఆ ఇటికె కట్టింది ఎవరు?"

నా పేరు సహన. పేరు పెట్టిన వాళ్లు నా గుణం చూసి పెట్టలేదు. "నీ పని నువ్వు చూసుకోప్పా!" అని రోడ్డంతా వినబడేట్టు అరిచాను. ఆయన అప్పుడు తలెత్తాడు. నలభై ఏడేళ్ల మనిషి, చెవి మీద బీడీ, ఒళ్లో తోలు.

"నా పనే చూస్తాండానమ్మా. చెప్పులు కుట్టేదే కదా నా పని. ఆ టీ అంగడి దాకా పోయి రా. ఊరికే నడువు."

ఎందుకు నడిచానో ఇప్పటికీ తెలియదు. నేను నడుస్తుంటే ఆయన నా కాళ్లకేసి చూడలేదు, కళ్లు మూసుకుని విన్నాడు. నేను తిరిగి వచ్చాక కాగితం మీద నా అడుగు గీసుకుని, పది రోజులు గడువు అడిగాడు.

పదో రోజున ఇచ్చిన చెప్పుల్లో ఎడమ దానికి ఐదు పొరల తోలు ఉంది. ప్రతి పొరనూ అంచుల దగ్గర ఉల్లిపొరంత పలచగా చెక్కి, ఒకదాన్లో ఒకటి కలిపేశాడు. ఐదు పొరలని చెబితే తప్ప తెలియదు. వేసుకుని ఇంటికి నడిచి వెళ్లాను. గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా అమ్మ, "ఎవరోలే అనుకుంటినే, నువ్వా!" అంది. నడకను బట్టి కూతుర్ని గుర్తుపట్టే అలవాటు మా అమ్మకు. ఆ రోజు నడకలో నేను దొరకలేదు. బచ్చలింట్లోకి పోయి, నీళ్ల శబ్దం పెట్టి, బాగా ఏడ్చాను.

అప్పటినుంచీ నా చెప్పులు మునినారాయణవే. ఏడాదిన్నరకొక జత.

ఆయన పనితనమంతా చేతిలో ఉందని నేను అనుకునేదాన్ని. ఆయన ఒప్పుకునేవాడు కాదు. "చెయ్యేం చేస్తాదమ్మా, కత్తి యాడికి పోతే ఆడికి పోతాది," అనేవాడు. తోలు కోసే ఆ కత్తిని రంపి అంటారు. వంటింటి కత్తికి మల్లే దానికి పక్కన పదును ఉండదు. వెడల్పాటి పట్టీ, ఉలికి ఉన్నట్టు కొసన పదును. ముందుకు తోసి కోయాలి. నూరిన కొద్దీ పొడవు తగ్గిపోతుంది. అందుకని రంపి వయసును వేళ్లతో చెబుతారు. కత్తి మీద వేళ్లు అడ్డంగా ఆనిస్తే ఎన్ని పడితే అన్ని వేళ్ల కత్తి. ఆయనది కొత్తలో ఆరు వేళ్లది. ఒక్క వేలికి దిగితే పిడికిలికి దొరకదు, అక్కడితో దాని పని అయిపోయినట్టే.

ఆ కత్తిని ఏరింది ఆయన కాదు, ఆయన భార్య చెన్నమ్మ. ఈ కథ నాకు కనీసం ముప్పై సార్లు చెప్పి ఉంటాడు. చెన్నమ్మ పుట్టిల్లు బాగేపల్లి. పెళ్లయిన నాలుగేళ్లకు, ఆయన దగ్గరున్న రంపి తోలు మీద వంగిపోతోందని వారం రోజులుగా సణుగుతుంటే వినలేక, పుట్టింటికి పోయినప్పుడు అక్కడి గుజరీ అంగడికి వెళ్లింది. పాత ఇనుము కుప్పలో కూర్చుని ఒక్కొక్క ముక్కనే తీసి, వేలి కణుపుతో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నదట. అంగడి వాడు నవ్వి, "ఏమ్మా, కుండను కొంటాండావా?" అన్నాడట. "అవునప్పా, కుండకైనా కత్తికైనా బీట ఉంటే గొంతులోనే తెలస్తాది," అని చెప్పి, రంపపు బ్లేడు ముక్కొకటి పాత ఇనుము ధరకే, పావలాకు తెచ్చుకుంది. పాత కాలపు ఉక్కు. పొయ్యి మసి పూసినంత నల్లగా ఉండేది.

"నాకు ఉక్కు సంగతి తెలీదమ్మా, దానికి తెలుసు," అనేవాడు మునినారాయణ. చెన్నమ్మ పోయి ఆరేళ్లయినా, ఆమె గురించి ఆయన మాటల్లో ఎక్కువ భాగం ఆ కత్తి గురించే ఉండేవి.

ఇక నూరడం. పొద్దున అంగడి తెరవగానే అదే మొదటి పని. సానరాయి మీద నాలుగు చుక్కల నీళ్లు. రాయి మీద ఒక రూపాయి బిళ్ల పెట్టి, కత్తి వీపును దాని మీద ఆనిస్తే ఎంత ఎత్తు వస్తుందో, అంతే ఎత్తులో పట్టుకోవాలి. బిళ్ల తీసేసినా ఎత్తు మారకూడదు. ముందుకు తోస్తే సర్ మని శబ్దం రావాలి, గంజిపెట్టిన చీర కుచ్చిళ్లు పెట్టుకుంటుంటే వచ్చే శబ్దం. కిర్రుమంటే ఎత్తు తప్పినట్టు. ఆ తర్వాత పాత బెల్టు లోపలి వైపు నాలుగు సార్లు రాసి, బొటనవేలి గోటి మీద అంచు ఆనించి చూసేవాడు. జారితే మొండి. గోటిని పట్టుకుంటే పదును వచ్చినట్టు. ఆ శబ్దం కచేరి లోపల భూముల పహణీలు రాసిచ్చే కిటికీ దగ్గర కూర్చున్న నాకు రోజూ వినబడేది. అది ఆగాక నేను కంప్యూటర్ ఆన్ చేసేదాన్ని.

ఆయన కత్తి ఇంకొకరు ముట్టుకోకూడదు. ఒకసారి నేను కొబ్బరి పీచు కోద్దామని చెయ్యి వేస్తే, మణికట్టు మీద చిన్న దెబ్బ వేశాడు.

కొడుకు మంజునాథ చిక్కబళ్లాపురంలో రెడీమేడ్ చెప్పుల అంగడి నడుపుతాడు. మంచివాడు. అది ఒప్పుకోవడానికి నాకు కొన్నేళ్లు పట్టింది, ఎందుకంటే వచ్చిన ప్రతిసారీ తండ్రిని తీసుకుపోతానంటాడు. ఎండలో రేకుల కింద డెబ్బై ఏళ్ల మనిషి కూర్చోవడం వాడికి ఇష్టం లేదు. ఇంట్లో ఫ్యాను కింద కూర్చోబెట్టి, వేళకు అన్నం పెట్టాలని వాడి కోరిక. చెన్నమ్మ పోయిన ఏడాది తండ్రీకొడుకులు నా ముందే పెద్దగా పోట్లాడుకుని, చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు.

"ఆ కత్తి అయిపోయే దాకా నన్ను కదిలించొద్దురా. అది అయిపోయిన పొద్దు నేనే వస్తా," అన్నాడు తండ్రి.

"మాట తప్పవు కదా నాయనా?"

"నేను మాట తప్పింది ఎప్పుడైనా చూసినావా?"

చూడలేదు. మునినారాయణ గడువు తప్పుతాడు, మాట తప్పడు. అప్పటికి కత్తి రెండున్నర వేళ్లుంది. పోయిన ఏటికి రెండు వేళ్లు. ఇంకో వేలు అరగడానికి పదేళ్లు పడుతుందని ఆయనా లెక్క వేసుకున్నాడు, నేనూ వేసుకున్నాను. ఇంట్లో కూర్చోబెడితే ఆయన ఆరు నెలలు కూడా నిలవడని నా భయం. పని లేని రోజు ఆయన ముఖం నేను చూశాను. చెన్నమ్మ పోయిన పదకొండు రోజులూ ఆ చేతులు ఒళ్లో పడి ఉన్న తీరు నాకు ఇంకా గుర్తుంది.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం చెబుతాను.

చెన్నమ్మ ఉన్నన్నాళ్లూ ఆయుధ పూజకు పనిముట్లన్నీ ఇంట్లో కడిగి, పసుపు కుంకుమ పెట్టి పూజ చేసేది. ఆమె పోయాక, "ఆడమనిషి చెయ్యి తగలని ఇంట్లో పూజేందమ్మా," అని, పండుగ ముందు రోజు సాయంత్రం ఆయన తోలుకు బెజ్జం పెట్టే ఆరె, సుత్తి, రంపి, సానరాయి అన్నీ పసుపు గుడ్డలో చుట్టి మా ఇంటికి తెచ్చి ఇచ్చేవాడు. మా దేవుడి గూట్లో పూజ జరిగేది. మరునాడు మధ్యాహ్నం మా ఇంట్లో భోంచేసి, ఓళిగలు, అదే బొబ్బట్లు, రెండు తిని, మూడోది కట్టించుకుని, పూజ అయిన పనిముట్లు తీసుకుపోయేవాడు. వాటితో పని మళ్లీ విజయదశమి దాటాకే.

పోయిన దసరాకు కూడా అట్లాగే మూట ఇచ్చి వెళ్లాడు. ఆ రోజంతా కచేరిలో నేను జీపు కడిగించడం, బీరువాలు తుడిపించడం, కంప్యూటర్లకు బొట్లు పెట్టించడంలో మునిగి ఉన్నాను. అన్నీ తళతళలాడుతున్నాయి. ఇంటికి వచ్చి మూట విప్పితే, ఈ నల్ల రంపి. పండుగ నాడు కూడా ఇట్లా మసి మొహంతోనా అనిపించింది. పైగా ఈ మధ్య నూరేటప్పుడు ఆయన మణికట్టు నొప్పి పెడుతోందని, మధ్యలో ఆగి విదిలించుకుంటున్నాడని గమనిస్తున్నాను. ఒక్కసారి మంచి సాన పట్టించి పెడితే రెండు నెలలు సుఖపడతాడు కదా అనుకున్నాను. ప్రేమ నాలో పొంగినప్పుడు బుద్ధి పక్కకు తప్పుకుంటుంది.

బస్టాండు దగ్గర స్కూటరు మీద కరెంటు మోటారు బిగించుకుని సాన పట్టేవాడి చుట్టూ పండుగ రద్దీ. కొడవళ్లు, మచ్చుకత్తులు, కొబ్బరి కత్తులు. వరసలో నిలబడి నా వంతు రాగానే ఇచ్చాను. నిప్పురవ్వలు చిచ్చుబుడ్డి మాదిరి లేచాయి. "ఇంకొంచెం, ఇంకొంచెం మెరవాల," అని దగ్గరుండి చెప్పింది కూడా నేనే. వాడి తప్పేమీ లేదు. చేతికి ఇచ్చినప్పుడు కత్తి వెండిలా మెరుస్తోంది, అంచు వెంబడి నెమలి మెడ రంగులో నీలం గీత. ఎంత అందంగా ఉందో అనుకున్నాను. ఇంటికి తెచ్చి ఆ నీలం గీతకు కుంకుమ బొట్లు పెట్టాను.

మరునాడు భోజనం వేళకు మునినారాయణ వచ్చాడు. కాళ్లు కడుక్కుని, గూటి ముందు దండం పెట్టుకుని, కత్తి చూశాడు.

"ఇదేందమ్మా?"

"సాన పట్టించినా అప్పా! ఎట్లా మెరస్తాండాదో చూడు. ఇంక నీ చెయ్యి నొయ్యదు."

ఆయన దాన్ని కిటికీ వెలుతురులోకి తీసుకుపోయి తిప్పి తిప్పి చూశాడు. నీలం గీత మీద బొటనవేలు నెమ్మదిగా నడిపించాడు. "బాగుండాదమ్మా," అన్నాడు. భోజనానికి కూర్చున్నాడు. ఓళిగ సగం తిని, కడుపు నిండిందని ఆకు మడిచాడు. ఆకు మడిచేటప్పుడైనా నాకు అనుమానం రావలసింది. రాలేదు.

రెండు రోజుల తర్వాత కచేరికి వెళుతుంటే సానరాయి శబ్దం వేరుగా ఉంది. సర్ మనడం లేదు, గరగరమంటోంది. వెళ్లి చూస్తే గరుకు రాయి మీద కత్తిని నిటారుగా పట్టుకుని అంచు అరగదీస్తున్నాడు. రాయి పక్కన నీళ్లు నల్లగా ఉన్నాయి.

"ఏం చేస్తాండావప్పా?"

"సచ్చిన ఉక్కు తీసేస్తాండానమ్మా." తలెత్తలేదు. "నిప్పు తగిలి నీలం తిరిగినమటుకూ సచ్చినట్టే. తోలు మీద పెడితే ఆకు మాదిరి మడిగిపోతాది. బతికిన ఉక్కు దొరికే దాకా తీసేసుకోవాల. నీళ్లు పోసుకుంటా, నిదానంగా, చేత్తోనే."

"ఎంత పోతాది?"

ఆయన వేలు ఒకటి అడ్డంగా పెట్టి చూపించాడు.

పదేళ్లను నేను ఒక్క సాయంత్రం వరసలో నిలబడి, దగ్గరుండి, నిప్పురవ్వలు చేయించాను.

"అప్పుడే ఎందుకు చెప్పలేదప్పా? నన్ను నాలుగు తిట్టకూడదా?"

"పండగ పూట ఎట్లా చెప్తానమ్మా? అంత సంతోషంగా ఉంటివి," అన్నాడు. నిజంగా తిట్టి ఉంటే నేనూ ఎదురు అరిచి, ఇద్దరం తేలికపడేవాళ్లం. తిట్టని మనుషులతో నాకు ఎప్పుడూ కష్టమే.

వారం రోజులు అరగదీశాక బతికిన ఉక్కు దొరికింది. ఒక వేలు, దాని మీద గోరంత మిగిలింది. ఆ రోజే ఆయన తనంతట తానే కొడుక్కి ఫోన్ చేశాడు. "మంజూ, కత్తి అయిపోవచ్చిందిరా. కార్తీకం కడపటి సోమవారం బండి తీసుకురా." ఫోన్ పెట్టేసి, నా వైపు చూసి, "మాట ఇచ్చినా కదమ్మా," అన్నాడు. కొత్త రంపి కొనుక్కోవచ్చు కదా అంటే, "ఇంక యాడ ఏరేది, ఎవరు ఏరేది," అని ఊరుకున్నాడు.

నేను ఊరుకునే రకం కాదు. మరునాడే హార్డువేరు అంగడికి పోయి స్టీలు రంపి తెచ్చాను. ఆయన గోటితో ఒకసారి మీటి, "ఇది పెండ్లిలో వడ్డించే పళ్లెమమ్మా," అని తిరిగి ఇచ్చాడు. ఫోన్‌లో చూసి చెక్క పిడి ఉన్నది ఒకటి తెప్పించాను. పెట్టె విప్పి, ఆ పెట్టెను మెచ్చుకుని, కత్తిని మాత్రం, "మొగం బాగుండాది, గొంతే లేదు," అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఆ కోపంలోనే, ఆ మాట ఎవరిదో తట్టింది. ముప్పై సార్లు విన్న కథ ముప్పై ఒకటోసారి బుర్రకెక్కింది.

ఆదివారం పొద్దున బాగేపల్లి బస్సెక్కాను.

గుజరీ అంగడి ఇప్పుడు వెంకటరమణప్ప అనే ఆయనది. చెన్నమ్మను చూసి నవ్వినది ఈయన తండ్రి అయి ఉండాలి. అంగడి నిండా విరిగిన నాగళ్లు, బోరుబావి పైపులు, ఆటోల డొక్కులు. "ఏం కావాలమ్మా?" అంటే, "పాత రంపపు బ్లేడ్లు," అన్నాను. కుప్ప చూపించాడు. చీర ఎగ్గట్టి దాని పక్కన కూర్చున్నాను. పొట్టి కాలు నేల మీద కూర్చుంటే ముడవడం కష్టం, చాపుకుని కూర్చున్నాను. ఒక్కొక్క ముక్కనూ తీసి కణుపుతో తట్టి వినడం మొదలుపెట్టాను.

మొదట అన్నీ ఒకేలా వినబడ్డాయి. యాభై ముక్కలు దాటాక తేడా తెలిసింది. కొన్ని బద్ మంటాయి, నీళ్లు తాగిన గోడను తట్టినట్టు. కొన్ని గట్టిగా మోగి వెంటనే ఆగిపోతాయి. బీట ఉన్నవి జీరగా పలుకుతాయి. వెంకటరమణప్ప ఫోన్ మాట్లాడటం ఆపి వచ్చి నిలబడ్డాడు.

"ఏమ్మా, సంగీతం నేర్పిస్తాండావా వాటికి?"

"నీకు పని లేదా అప్పా?" అన్నాను. అని, ఇరవై నాలుగేళ్ల కిందట కచేరి గేటు దగ్గర అన్న మాటలాంటిదే మళ్లీ అన్నానని నవ్వొచ్చింది.

ఆ ఆదివారం దొరకలేదు. వేలి కణుపు వాచి, మరునాడు కీబోర్డు మీద తప్పులు కొట్టాను. తర్వాతి ఆదివారం మళ్లీ వెళ్లాను. ఆపైది కూడా. ఆ మూడో ఆదివారం కార్తీకంలో చివరిది. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు, ఎప్పుడో మూతబడ్డ సామిల్లు నుంచి వచ్చిన కుప్పలో తుప్పు పట్టిన పట్టీ ఒకటి చేతికి వచ్చింది. తట్టాను. మోగింది. నేను వేలు తీసేశాక కూడా మోగుతూనే ఉంది. ఇంకోసారి తట్టి వెంకటరమణప్ప చెవి దగ్గర పెట్టాను. ఆయన ముఖంలో ఎగతాళి పోయింది.

"దీన్ని ఇంత పొడుగు ముక్క చేసియ్యి. నిప్పు చూపించినావంటే మాత్రం ఊరుకోను," అన్నాను.

"నిప్పెందుకమ్మా, ఇంత గట్టి ఉక్కు ఒక్క దెబ్బకే ఇరుగుతాది," అని వైసులో బిగించి, సుత్తితో కొట్టాడు. టప్పుమని విరిగింది. వేళ్లు పెట్టి చూసుకున్నాను. ఆరు.

సోమవారం పొద్దున కచేరి వేళకు ముందే అంగడికి వెళ్లాను. టాటా ఏస్ బండి వచ్చేసి ఉంది. మంజునాథ తోలు చుట్టలు బండిలోకి ఎక్కిస్తున్నాడు. మునినారాయణ డబ్బాలో గోడకు ఆనుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"వచ్చినావా సహనమ్మా. నీ కోసరమే చూస్తాండా," అని పక్కనున్న గోనె సంచి నా ముందుకు తోశాడు. విప్పి చూశాను. చెప్పుల అడుగులు. ఐదేసి పొరలు చెక్కి, అంటించి, కుట్టి సిద్ధం చేసిన అడుగులు. తొమ్మిది ఉన్నాయి. తొమ్మిదీ ఎడమవే.

"కుడికాలికి ఎవరైనా కుడతారు. ఎడమది కష్టమని, ఆ గోరంత కత్తి అరిగే లోపల కోసి పెట్టినా. ఏడాదిన్నరకొకటి వేసుకుంటే నీ రిటైర్మెంటు దాకా వస్తాది. పట్టీలు మంజు వేసిస్తాడు. యాభై అయిదు దాటితే పాదం రవ్వంత పరచుకుంటాదని కిందివి నాలుగూ కొంచెం వెడల్పు పెట్టినా."

కత్తి ఏదని అడిగాను. పసుపు గుడ్డలోంచి తీసి చూపించాడు. పైనున్న ఆ గోరంతా పోయింది, సరిగ్గా ఒక్క వేలు. మిగిలిన బతుకునంతా నా పొట్టి కాలికి ఖర్చు పెట్టేశాడు, ఆ కత్తిని చంపిన మనిషి కాలికి.

నేను ఏడవాలి. ఏడుపు వచ్చే దారిలోనే నాకు కోపం వస్తుంది.

"పదమూడేండ్లు నా కాలు ఇట్లే ఉంటాదని నీకు చెప్పింది ఎవరు? నడక వినకుండా నువ్వు ఎప్పుడన్నా నాకు చెప్పు కుట్టినావా? ఎవరికి కావాల ఈ గోనె సంచి?" అని అరుస్తూ, నా చేతి సంచిలోంచి బాగేపల్లి ముక్క తీశాను. బండిలో ఎక్కించిన సానరాయిని నేనే దింపుకున్నాను. రోడ్డు పక్కన కూలబడి, నీళ్ల సీసా కుమ్మరించి, రూపాయి బిళ్ల పెట్టుకుని నూరడం మొదలుపెట్టాను.

కిర్రుమంది. టీ అంగడి దగ్గర ఉన్నవాళ్లు తిరిగి చూశారు. మళ్లీ తోశాను. ఇంకా ఘోరంగా అరిచింది. మునినారాయణ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నేను ఆపలేదు. నాలుగో తోపుకు ఆయన పళ్లు కొరికాడు. ఆరో తోపుకు లేచాడు.

"ఆపమ్మా! రాయి ఏడస్తాండాది. ఇటియ్యి దాన్ని!"

లాక్కున్నాడు. లాక్కుని, అలవాటు కొద్దీ, కణుపుతో తట్టాడు. అంతటితో ఆగిపోయాడు. చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ తట్టాడు.

"ఎవరు ఏరింది దీన్ని?"

"నేనే."

"ఎట్లా?"

"కుండను కొన్నట్టు," అన్నాను.

ఆయన అటు తిరిగిపోయాడు. మంజునాథ చేతిలోని తోలు చుట్టను నేల మీద పెట్టేశాడు. తర్వాత మునినారాయణ నెమ్మదిగా చతికిలబడి, రాయిని తన వైపు తిప్పుకుని, నీళ్లు చిలకరించి, బిళ్ల పెట్టి తీసేసి, ఒక్క తోపు తోశాడు. సర్ మంది.

"మంజూ," అన్నాడు, కత్తి మీద వేళ్లు ఒక్కొక్కటే ఆనిస్తూ. "లెక్కపెట్టుకోరా. ఆరు. కత్తి అయిపోతే వస్తానంటిని. అయిపోలేదు కదా."

"నాయనా, అది అరిగేటప్పటికి నీకు నూరు దాటతాది!"

"దాటనీ. మాటంటే మాటే."

మంజునాథ నా వైపు కొరకొరా చూశాడు. ఆ చూపుతోనే బండి దగ్గరికి పోయి, తోలు చుట్టలు ఒక్కొక్కటే దింపి మళ్లీ డబ్బాలో సర్దాడు. సర్దుతూ ఒకసారి మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

"నీ ఎడమ చెప్పు విప్పి ఇటియ్యమ్మా," అన్నాడు మునినారాయణ, నూరడం ఆపకుండా. "ఎనిమిది దినాల సంది వింటాండా, మడిమ కాడ రాస్తాండాది."

విప్పి ఇచ్చాను. పొట్టి కాలు ఖాళీగా నేల మీద పెడితే ఒళ్లంతా ఒక పక్కకు ఒరిగిపోతుంది. ఎదురుగా కచేరి గేటు తెరిచారు, జనం వస్తున్నారు. ఆసరాకు మంజునాథ భుజం పట్టుకుని, కుచ్చిళ్లు సర్దుకోకుండా, ఆ ఒరిగిన ఒంటితోనే నడిరోడ్డు పక్కన నిలబడి, ఆ రాయి శబ్దం వింటూ ఉన్నాను.